పెల్లెట్ డబ్బా ఎంచుకోవడం: 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పిల్లల కోసం

ఎయిర్ రైఫిల్లో వేసే చిన్న సీసం గుండుని పెల్లెట్ అంటారు. "ఏ పెల్లెట్ కొనమంటారు?" అని అడిగితే నేను పేరు చెప్పను. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే రోజు పెట్టెలో దిగిన రెండు రైఫిళ్లు కూడా ఒకే డబ్బాతో ఒకేలా కాల్చవు. ఒక బ్యారెల్‌కి (రైఫిల్ గొట్టానికి) నచ్చింది పక్క బ్యారెల్‌కి నచ్చదు. అందుకని పేరు కాకుండా పద్ధతి చెబుతాను. మీ బ్యారెల్‌కి ఏది సరిపోతుందో మీరే తేల్చుకోవచ్చు.

నేను షూటర్ని కాదు. ఒంగోల్లో ట్రంకు రోడ్డు వెనక సందులో బంగారం పని చేస్తాను. కాటా, మందం కొలిచే వెర్నియర్, కంటికి పెట్టుకునే భూతద్దం లూప్, ఇవే నా పనిముట్లు. మా చెల్లెలి కూతురు ఇంటర్ ఎంపీసీ చదువుతూ ఎయిర్ రైఫిల్ కాలుస్తుంది. దాని పెల్లెట్లు చూసిపెట్టే పని నా మీద పడింది. ఇప్పుడు దాంతోపాటు కాల్చే పిల్లల తల్లిదండ్రులు కూడా రేకు డబ్బాలు పట్టుకుని కొట్టుకొస్తున్నారు. ఏదో తాకట్టు వ్యవహారం అనుకుంటున్నారు పక్క కొట్టువాళ్లు. వచ్చినవాళ్లందరికీ మొదట్నుంచి చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నా.

పెద్ద రైఫిళ్ల సంగతి ముందే చెప్పేస్తాను, కుర్రాళ్లు ఎటూ అడుగుతారు. విదేశాల్లో 600 గజాలు, 1000 గజాల పోటీలు ఆడేవాళ్లు తూటాలు తామే నింపుకుంటారు. ఇత్తడి గొట్టం, ప్రైమర్ (మందుని అంటించేది), తుపాకి మందు, బుల్లెట్ విడివిడిగా కొని, ఒక్కో మార్పు చేసి ఒక్కో గ్రూపు (ఒకే గురికి వరుసగా కొన్ని షాట్లు) కాల్చి, తమ రైఫిల్‌కి నప్పే తూటా తయారు చేసుకుంటారు. యూట్యూబులో అది చూసి "మనమూ చేద్దాం" అనేవాళ్లకు నా మాట ఒక్కటే: వద్దు. లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం మన ఆయుధ చట్టం, 1959 కింద నేరం. ఇంట్లో తుపాకి మందు పెట్టుకుని కూర్చోవడం ప్రాణం మీదకు తెచ్చుకోవడం కూడా. 50 మీటర్ల పోటీలో పాయింట్ టూ టూ (.22) రైఫిల్ కాల్చేవాళ్లకు ఆ దారి అసలే లేదు. ఆ తూటాలో ప్రైమర్ మందు గొట్టం అంచులోనే ఉంటుంది, ఒకసారి కాల్చాక ఆ అంచు నలిగిపోతుంది, మళ్లీ పనికి రాదు. వాళ్లేం చేస్తారంటే, ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లో ఎలీ అనే తూటాల కంపెనీ రేంజికో, జర్మనీలో షోనెబెక్‌లో లాపువా రేంజికో రైఫిల్ పట్టుకెళ్లి, ఒకే రకం తూటాలో వేరువేరు లాట్లు (ఒక్కో విడతలో తయారైన సరుకు) కాల్చి చూసి, నచ్చిన లాట్‌ని కేసులకు కేసులు కొనుక్కుంటారు. మనం పెల్లెట్లతో చేయబోయేది అదే. తయారు చేయలేం, ఏరుకోగలం.

ఏరుకోవడం ఎంత నాజూకు పనో తెలియాలంటే టార్గెట్ కొలతలు తెలియాలి. 10 మీటర్ల కార్డులో పది వలయం అంటే 0.5 మిల్లీమీటర్ల చుక్క. పెల్లెట్ మందం 4.5. పెల్లెట్ అంచు ఆ చుక్కను తాకితే చాలు, పది. అంటే పెల్లెట్ నడిబొడ్డు కార్డు నడిబొడ్డుకి 2.5 మిల్లీమీటర్ల లోపు పడితే 10.0 వస్తుంది. అక్కణ్ణుంచి లోపలికి జరిగే ప్రతి పావు మిల్లీమీటరుకీ ఒక దశాంశం కలుస్తుంది. పావు మిల్లీమీటరు లోపు పడితే 10.9, అంతకు మించి లేదు. 60 షాట్లు, అన్నీ 10.9 పడితే మొత్తం 654. రాష్ట్ర పోటీలో ఫైనల్‌కి వెళ్లేవాళ్లకీ ఆగిపోయేవాళ్లకీ మధ్య తేడా దశాంశాల్లోనే ఉంటుంది. పావు మిల్లీమీటరు అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ వస్తుంది.

ఇక పెల్లెట్. లూప్ కింద పెట్టి చూస్తే మూడు భాగాలు. ముందు చదునుగా ఉండే తల, మధ్యలో సన్నటి నడుము, వెనక బోలుగా గంటలా విచ్చుకున్న స్కర్ట్. చదును తల కార్డుని గుండ్రంగా, శుభ్రంగా కోస్తుంది, అందుకే పోటీకి ఇదే వాడతారు. తల బ్యారెల్ లోపలి మెలిక గాడుల మధ్య గట్ల మీద ఆనుకుని నడుస్తుంది. స్కర్ట్ గాలి ఒత్తిడికి విచ్చుకుని గోడకి అతుక్కుని గాలి జారిపోకుండా ఆపుతుంది. తల కొలత డబ్బా మీద రాసి ఉంటుంది: 4.49, 4.50, 4.51, ఇలా. రైఫిల్ పెల్లెట్ బరువు ఎక్కువగా 0.53 గ్రాములు. 0.45 దగ్గరుండే తేలిక రకాలు పిస్టల్ వాళ్లవి. కొట్టువాడు పొరపాటున అవి ఇస్తే తిరిగిచ్చేయండి.

ఇక్కడ నా వృత్తి మాట ఒకటి. ఆ 4.49కీ 4.50కీ తేడా మిల్లీమీటరులో నూరో వంతు. మా కొట్లో వాడే వెర్నియర్‌తో దాన్ని పట్టుకుందామనుకోకండి. సీసం మెత్తన, దవడలు బిగించగానే నలుగుతుంది. మీరు కొలిచేది పెల్లెట్‌ని కాదు, మీ వేలి బలాన్ని. మైక్రోమీటరైనా అంతే. డబ్బా మీది అంకెను ఆ కంపెనీ తన డబ్బాల మధ్య తేడా చెప్పుకోడానికి రాసుకున్న గుర్తుగా చూడండి. ఒక కంపెనీ 4.50, ఇంకో కంపెనీ 4.50 ఒకటే అవ్వాలని లేదు.

తల కొలత కన్నా ముఖ్యమైనది డబ్బా కింద స్టిక్కరు మీదో, ముద్రగానో ఉండే లాట్ నంబరు. అచ్చు అరిగే కొద్దీ పెల్లెట్ మారుతుంది, సీసం తీగ మారితే మారుతుంది. పోయిన ఏడాది అద్భుతంగా కాల్చిన 4.50 ఈ ఏడాది అదే పేరుతో, అదే రంగు డబ్బాలో వచ్చి సాదాగా కాల్చవచ్చు. కాబట్టి "ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10 బాగుంది", "హెచ్ అండ్ ఎన్ ఫినాలే బాగుంది" అనే మాటకు సగమే అర్థం. ఏ కొలత, ఏ లాట్, ఏ బ్యారెల్ అన్నది కలిస్తేనే పూర్తి మాట.

కొనేటప్పుడు ఒకేసారి ఒకే రకం పది డబ్బాలు తెప్పించుకోకండి. రెండు మూడు కంపెనీలవి, ఒక్కో కంపెనీలో రెండు మూడు తల కొలతలు, ఒక్కో డబ్బా చొప్పున చాలు. నలుగురు పిల్లల తల్లిదండ్రులు కలిసి తెప్పించుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. డబ్బాకి 500 ఉంటాయి, పరీక్షకు నూరు నూటయాభై పోయినా మిగతావి పంచుకుని ప్రాక్టీసుకి వాడుకోవచ్చు. డీలర్‌ని ముందే అడగాలి: "ఈ లాట్ మీ దగ్గర ఇంకా ఎన్ని డబ్బాలుంది, పదిహేను రోజులు నా కోసం ఆపుతావా?" ఈ ప్రశ్న అడగకుండా పరీక్ష మొదలుపెడితే, మంచి లాట్ తేలేసరికి అది అమ్ముడైపోయి ఉంటుంది.

కాల్చడానికి చోటు కావాలి. మేం టంగుటూరు దగ్గర తెలిసినవాళ్ల పొగాకు గ్రేడింగ్ షెడ్డులో చేస్తాం. పొగాకు ఆరబెట్టే బ్యారన్ అయితే పనికిరాదు, లోపల పది మీటర్లు రాదు. షెడ్డు పొడుగ్గా ఉంటుంది, పొగాకు వేలానికి వెళ్లిపోయాక ఖాళీ, గాలి కొట్టదు. ఒకటే ఇబ్బంది, పొగాకు వాసన ఇంటికొచ్చాక కూడా చొక్కాని వదలదు, ఆ వాసన ఎక్కడిదని మా చెల్లెలు నన్నే అడుగుతుంది. పొద్దున్నే ఆరింటికల్లా మొదలుపెట్టి పదికి ముగించాలి. ఆ తర్వాత మన జిల్లా ఎండకి రేకు షెడ్డులో మనిషే నిలవలేడు. పైగా రైఫిల్‌కి గాలి నింపి పెట్టే సిలిండర్ వేడెక్కితే లోపలి ఒత్తిడి పెరుగుతుంది. రైఫిల్ గానీ సిలిండర్ గానీ ఎండలో, కారు డిక్కీలో వదలకూడదు. సిలిండర్ మీద గడువు తేదీ ఉంటుంది, అది దాటినదాన్ని నింపించుకోకూడదు, పోటీకీ తీసుకెళ్లకూడదు.

మన ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు గదా అని ఆటబొమ్మ అనుకోవద్దు. సెకనుకు 170 మీటర్ల వేగంతో పోయే సీసం కన్ను తీసేస్తుంది. టార్గెట్ వెనక కిందికి వాల్చిన ఇనుప పలకతో పెట్టె (ట్రాప్), దాని వెనక గట్టి గోడ ఉండాలి. షెడ్డు రెండో తలుపుకి లోపల గడియ. కంటద్దాలు షెడ్డులో ఉన్న అందరికీ, కాల్చేవాళ్లకే కాదు. కార్డు మార్చడానికి ఎవరైనా ముందుకెళ్తే రైఫిల్ బోల్టు తెరిచి, బ్యారెల్ ఖాళీ అని చూపే సేఫ్టీ దారం అందులో పెట్టి, రైఫిల్ మీంచి చేతులు తీసేయాలి. మా మేనకోడలు ఇందులో నాకన్నా చండశాసనురాలు, "మామయ్యా, దారం" అని అనకుండా అడుగు వేయనివ్వదు.

సీసం గురించి కూడా. అది ముట్టుకున్న చేత్తో టిఫిన్ తినకూడదు. సబ్బుతో, చన్నీళ్లతో కడుక్కోవాలి. ట్రాప్ చుట్టూ పడిన బూడిద రంగు పొడిని చీపురుతో ఊడిస్తే గాల్లోకి లేస్తుంది, తడిగుడ్డతో తుడవాలి. చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు. పెల్లెట్‌ని నోట్లో పెట్టుకుని లోడ్ చేసే అలవాటు పాత ఎయిర్‌గన్ వాళ్లలో చూశాను, అది వెంటనే మాన్పించాలి.

అసలు పని బిగింపు దగ్గర మొదలవుతుంది. మనిషి భుజం మీద పెట్టి కాలిస్తే ఏది పెల్లెట్ తేడా, ఏది ఊపిరి తేడా అని తేల్చలేం. రైఫిల్‌ని కదలకుండా పట్టే బరువు కావాలి. మనకి ఇందులో ఒక అదృష్టం ఉంది, చీమకుర్తి. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల బయట పక్కన పడేసిన తుక్కు పలకలుంటాయి. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండంగుళాల మందం ఉన్నది ఒకటి తెచ్చుకోండి. దాని బరువు సుమారు 80 కిలోలు. బేరం ఆడితే మెరుగు పెట్టనిది అయినకాడికి ఇస్తారు, అక్కడే నాలుగు బోల్టు రంధ్రాలు వేయించుకోండి. కింద వెల్డింగు షాపులో చేయించిన యాంగిల్ ఇనుము స్టాండు, పైన పలక, పలక మీద బోల్టులతో బెంచి వైసు. వైసు దవడలకి టేకు ముక్కలు, ముక్కలకి తోలు.

ఆ దవడల మధ్య పట్టాల్సింది రైఫిల్ యాక్షన్‌ని, అంటే బోల్టు ఉండే నడిమి భాగాన్ని. బ్యారెల్‌ని పట్టకూడదు, సిలిండర్‌ని అసలు పట్టకూడదు. స్టాకు (భుజానికి ఆనించే భాగం) విప్పితే ట్రిగ్గరు యాక్షన్‌తోనే వచ్చే మోడళ్లకి ఇది సులువు. స్టాకు విప్పడం మీకు కొత్తైతే, వారంటీ భయం ఉంటే, విప్పకండి. ముందొకటి వెనకొకటి బిగుతైన ఇసుక సంచులు పెట్టి, స్టాకుని వాటి మీద కూర్చోబెట్టి, ప్రతి షాటుకీ గురి చూసి కాల్చండి. వైసంత కచ్చితం రాదు, కానీ పనికొస్తుంది. ఇసుక ఆరినదై ఉండాలి, తడి ఇసుక గ్రూపు మధ్యలో కుంగుతుంది.

వైసులో పెట్టాక ట్రిగ్గరుకి ఒక్క వేలే తగలాలి. పెల్లెట్ పెట్టేటప్పుడు, బోల్టు మూసేటప్పుడు రైఫిల్‌ని నెట్టకూడదు. నేను పట్టకారుతో చేసే పని చేసి చేసి వేళ్లు తేలికైనవాణ్ణి కాబట్టి లోడింగు నాది, ట్రిగ్గరు అమ్మాయిది. మీ ఇంట్లో ఎవరి చెయ్యి తేలికో వాళ్లకి అప్పజెప్పండి. షాటు కార్డు మీద ఎక్కడ పడిందన్నది ఈ పరీక్షకి అనవసరం. మూలలో పడనివ్వండి. ఐదు షాట్లూ ఒకేచోట పడుతున్నాయా అన్నదే ప్రశ్న.

కార్డులు అసలువే వాడాలి, నోటుబుక్కు కాగితం వద్దు. కాగితం చిరిగితే రంధ్రం అంచు తెలియదు. కొత్తపట్నం వైపు నుంచి వచ్చే సముద్రపు తేమకి కార్డులు మెత్తబడి పీచులు లేస్తాయి, పాలిథీన్ సంచిలో మూతి కట్టి ఉంచి, కాల్చే ముందు తీయండి. గ్రూపుకో కార్డు. కార్డు వెనక డబ్బాకి మీరు పెట్టుకున్న అక్షరం (ఏ, బీ, ఇలా), వరుస నంబరు, సిలిండర్ గేజిలో ఒత్తిడి పెన్సిలుతో రాయండి.

వరుస ఇలా. రైఫిల్ బ్యారెల్‌ని ఫెల్ట్ పెల్లెట్లతో (తుడిచే మెత్తటి గుళికలతో) తుడిచి, మొదటి డబ్బాతో ఇరవై దాకా లెక్కలోకి రాని షాట్లు కాల్చండి. ఒక్కో కంపెనీ సీసం బ్యారెల్‌లో ఒక్కో రకం పూత వదులుతుంది. కంపెనీ మారినప్పుడల్లా మళ్లీ పదిహేను ఇరవై వదులుకోవాలి. అందుకే ఒక కంపెనీ కొలతలన్నీ ఒకేచోట ముగించి తర్వాతి కంపెనీకి వెళ్లడం పొదుపు. ఒక కంపెనీలో నాలుగు కొలతలుంటే మొదట ఏ, బీ, సీ, డీ వరుసలో ఒక్కో ఐదు షాట్ల గ్రూపు, తర్వాత వెనక్కి డీ, సీ, బీ, ఏ. ఇలా ముందుకీ వెనక్కీ తిప్పితే, పొద్దున్నుంచి పెరిగే వేడీ, తగ్గే సిలిండర్ ఒత్తిడీ ఒకే డబ్బాని కొట్టకుండా అన్నిటి మీదా సమంగా పడతాయి. ఐదేసి గ్రూపులు వచ్చేదాకా తిప్పండి. అన్నీ అయ్యాక మొట్టమొదటి డబ్బాతో ఇంకో రెండు గ్రూపులు కాల్చండి. పొద్దున వచ్చినట్టే వస్తే మీ బిగింపు నమ్మదగ్గది. రాకపోతే ఏదో బోల్టు వదులైంది, ఆ రోజు కార్డులన్నీ చించేసి ఇంకో రోజు మొదలుపెట్టండి. చించడానికి మనసొప్పదు, కానీ తప్పదు.

కొలవడం వెర్నియర్‌తో, ఇక్కడ అది సరైన పనిముట్టే. గ్రూపు బయటి అంచు నుంచి బయటి అంచుకి ఎక్కువ దూరం చూడండి. అదే కార్డు మీద పక్కన విడిగా ఒక్క షాటు కొట్టి దాని రంధ్రం కూడా కొలవండి. మొదటిదానిలోంచి రెండోది తీసేస్తే నడిబొడ్డు నుంచి నడిబొడ్డుకి ఎంతో వస్తుంది. బయటి కొలత ఐదున్నర మిల్లీమీటర్ల చుట్టూ తిరుగుతుంటే, అంటే లోపలి తేడా ఒక మిల్లీమీటరు దగ్గరుంటే, మంచి పెల్లెట్. ఆరున్నర వస్తుంటే, అంటే లోపల రెండు మిల్లీమీటర్లైతే, ప్రాక్టీసు డబ్బా.

అంకె ఒక్కటే చూడకండి, ఆకారం చూడండి. నిలువుగా సాగిన గ్రూపు వేగం మారుతోందని చెబుతుంది: ప్రతి షాటుకీ గాలి ఒత్తిడిని సమంగా ఉంచే రెగ్యులేటరో, స్కర్ట్ సరిగ్గా పట్టకపోవడమో. రెండు గుంపులుగా విడిపోతే మధ్యలో ఏదో కదిలింది, చాలాసార్లు అది వైసే. నాలుగు ఒకే రంధ్రంలో పడి ఐదోది దూరంగా పోతే, "అదొక్కటి తీసేస్తే అద్భుతం మామా" అంటారు పిల్లలు. తీసేయడానికి లేదు. పోటీలో ఆ ఐదోది కూడా మన లెక్కలోనే పడుతుంది. నేనైతే సగటు కన్నా డబ్బా తాలూకు అన్నిటికన్నా చెడ్డ గ్రూపునే ముందు చూస్తాను.

ఐదు షాట్ల గ్రూపులు మోసం చేస్తాయి. ఒకే డబ్బా, ఒకే బిగింపు, ఒక గ్రూపు 0.8 వచ్చి మరుసటిది 1.6 రావడం మామూలే, అందులో ఎవరి తప్పూ లేదు. కాబట్టి మొదటి విడతలో గెలిచినవాడెవడో తేల్చకండి, ఓడినవాళ్లని మాత్రం ఏరిపారేయండి. మిగిలిన రెండు మూడు డబ్బాలతో ఇంకో ఉదయం పది షాట్ల గ్రూపులు, డబ్బాకి పది చొప్పున కాల్చండి. అప్పుడు కూడా రెంటి మధ్య తేడా మిల్లీమీటరులో పదో వంతే ఉంటే, రెండూ సమానమే. ఎక్కువ సరుకు దొరికేది ఏదో అది కొనండి.

ఇప్పుడు తూకం. నా కొట్టుకొచ్చేవాళ్లలో సగం మంది దీనికోసమే వస్తారు: "మీ కాటా మిల్లీగ్రాము చూపిస్తుందంట గదా, ఒక్కోటి తూచి వేరుచేసి పెట్టండి." తూస్తాను. ఫ్యాను ఆపి, గాజు తలుపులు మూసి, చిన్న పట్టకారుతో. మంచి డబ్బాలో తేడాలు కొన్ని మిల్లీగ్రాములే. అయితే అవి కార్డు మీద ఎంతకి తేలతాయి? దీన్ని అమ్మాయి ఇంటర్ ఫిజిక్సుతో తేల్చింది. 170 మీటర్ల వేగంతో 10 మీటర్లు పోవడానికి పెల్లెట్‌కి సెకనులో దాదాపు 0.06 వంతు పడుతుంది, ఆ లోపు 17 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. వేగం ఒక శాతం, అంటే 1.7 మీటర్లు, మారితే ఆ దిగడం రెండు శాతం మారుతుంది: 0.34 మిల్లీమీటరు. ఒక దశాంశం కన్నా కాస్త ఎక్కువ. ఇది పట్టించుకోవాల్సిన సంగతే.

బరువు సంగతి వేరు. బరువు ఒక శాతం, అంటే 5 మిల్లీగ్రాములు, పెరిగిందనుకోండి. గాలి ఇచ్చే శక్తి అంతే కాబట్టి వేగం అర శాతమే తగ్గుతుంది. కార్డు మీద అది 0.17 మిల్లీమీటరు. ఒక దశాంశానికి కూడా సరిపోదు. "అంటే మామయ్యా, నీ కాటా కన్నా నా రెగ్యులేటరే ముఖ్యం," అంది అమ్మాయి. నిజమే. అందుకే నేను తూచేది అన్నిటికన్నా దూరంగా ఉన్నవాటిని తీసి అవతల పెట్టడానికే. మిల్లీగ్రాము మిల్లీగ్రాముకి డబ్బీ కట్టి పెట్టమంటే పెట్టను, మీ డబ్బుకి దండగ, నా కళ్లకి దండగ.

కాటా మీద పోసే సమయం లూప్ మీద పోయండి. స్కర్ట్ నొక్కుకుపోయినవి, తల అంచున సీసం పీలిక వేలాడుతున్నవి, లోపల ముక్క ఇరుక్కున్నవి కంటికి కనబడతాయి. ఇంకో చిట్కా, అద్దం పలకని కాస్త వాలుగా పెట్టి పెల్లెట్‌ని పక్కకి దొర్లించండి. స్కర్ట్ వెడల్పు, తల సన్నం కాబట్టి తిన్నగా పోదు, వంపు తిరుగుతూ పోతుంది. అన్నీ ఒకే వంపున పోతుంటే మంచిదే. ఎగిరెగిరి పడుతూ, వేరే దారి పట్టినవాటి స్కర్ట్ సొట్టపోయింది. వాటిని ప్రాక్టీసు గిన్నెలో వేయండి. తలని గేజుకి సరిచూడాలనుంటే, వరుస కొలతల రంధ్రాలున్న చిన్న ఇనుప పలక గేజులు దొరుకుతాయి, అవి వెర్నియర్ కన్నా నయం, సీసాన్ని నొక్కవు.

"ఇంత చేస్తే ఎన్ని పాయింట్లు పెరుగుతాయి?" ఇది నాన్నల ప్రశ్న. అమ్మలు ఎక్కువగా సీసం గురించి అడుగుతారు. సమాధానం పిల్లని బట్టి. చేతి తేడా, పెల్లెట్ తేడా నేరుగా కూడవు, వాటి వర్గాలు (స్క్వేర్లు) కూడతాయి. భుజం మీద 15 మిల్లీమీటర్ల గ్రూపు కాల్చే కొత్త పిల్ల రెండు మిల్లీమీటర్ల పెల్లెట్ వదిలి ఒక మిల్లీమీటరు పెల్లెట్‌కి మారితే, మొత్తం గ్రూపు 15.13 నుంచి 15.03కి వస్తుంది. 60 షాట్లకి ఒక పాయింటు కూడా రాదు. 5 మిల్లీమీటర్లు కాల్చే పిల్లకి అది 5.39 నుంచి 5.10, అంటే రెండు పాయింట్ల పైన. మూడు మిల్లీమీటర్లు కాల్చేవాళ్లకి మూడు పాయింట్లు దాటుతుంది. చెయ్యి ఎంత బాగుంటే పెల్లెట్ అంత ముఖ్యం. మొదటి ఏడాది పిల్లకి ఈ గ్రానైటు పలకలూ వైసులూ అక్కర్లేదు, ఏదో ఒక మంచి కంపెనీ డబ్బా కొనిచ్చి, రోజూ గంట డ్రై ఫైర్ (పెల్లెట్ లేకుండా ట్రిగ్గరు నొక్కే సాధన) చేయించండి. ఆ డబ్బుతో సరైన బూట్లు కొనండి.

లాట్ తేలాక సీజన్‌కి సరిపడా ఒకేసారి కొనేయాలి. పోటీకి 60, సైటర్లతో (గురి సరిచూసుకునే షాట్లతో) కలిపి 80 నుంచి 90 పోతాయి. పోటీకి ముందు రెండు వారాలు కూడా ఇదే పెల్లెట్ వాడాలి, లేకపోతే సైటు సెట్టింగు మారిపోతుంది. మిగతా రోజుల ప్రాక్టీసుకి తక్కువ ధరవి వాడుకోవచ్చు, కానీ తల కొలత, బరువు దగ్గరగా ఉన్నవే. రోజుకి 100 కాల్చే పిల్లకి డబ్బా ఐదు రోజుల్లో ఖాళీ, కాబట్టి పోటీ పెల్లెట్‌నే రోజూ కాల్చమనడం ఎవరి జేబుకీ మంచిది కాదు.

దాచడంలో ఒక జాగ్రత్త చాలామందికి తెలియదు: సీసాన్ని చెక్క పెట్టెలో, ప్లైవుడ్ అల్మారాలో పెట్టకండి. చెక్క నుంచి వచ్చే పులుపు ఆవిరికి సీసం మీద తెల్లటి పొడి పడుతుంది. మన తేమకి అది ఇంకా తొందర. డబ్బా మూత చుట్టూ టేపు వేసి, సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో ఉంచండి. నూనె రాయవద్దు. ప్రయాణంలో డబ్బాని బ్యాగు అడుగున పడేస్తే హైవే మీద విజయవాడ చేరేసరికి లోపల ఒకదాన్నొకటి కొట్టుకుని స్కర్టులు సొట్టలు పోతాయి. డబ్బాలో ఖాళీ ఉంటే పైన స్పాంజి ముక్క పెట్టి మూత వేయండి. మా అమ్మాయి డబ్బాని బస్సులో ఒళ్లోనే పెట్టుకుంటుంది, సీటు నాకు దొరకకపోయినా.

పోటీ ముందు రాత్రి లూప్ కింద చూసిన నూరు పెల్లెట్లు గుంటలున్న స్పాంజి పెట్టెలో ఒక్కోటి ఒక్కో గుంటలో పెట్టండి. వరుసగా తీసుకుంటే ఎన్ని షాట్లు అయ్యాయో స్క్రీన్ చూడకుండానే తెలుస్తుంది. పోటీకి ముందు సైటింగుకి 15 నిమిషాలు ఇస్తారు. మొదటి ఐదారు షాట్లు బ్యారెల్ సర్దుకోడానికే అనుకుని, ఆ తర్వాతే సైటు క్లిక్కులు తిప్పాలి.

ఇక చేతిలో రెండు డబ్బాలు మిగిలి ఉండగానే డీలర్‌కి ఫోన్ చేసి కొత్త లాట్ ఒక్కో డబ్బా తెప్పించుకోండి. మొత్తం అయిపోయేదాకా ఆగకండి. పాత లాట్ ఇంకా చేతిలో ఉంటేనే, అదే పొద్దున అదే వైసులో పాతదీ కొత్తదీ మార్చి మార్చి కాల్చి, కొత్తది నిజంగా దాని సాటి వస్తుందో లేదో చూడగలరు.